పరాయి నేలపై సణుగుడు: ఖరగ్‌పూర్ చెప్పే పాఠం

సాహిత్యంలో శోకానికి పీట ఉన్నది, ఆగ్రహానికి పీట ఉన్నది. సణుగుడుకు మాత్రం అరుగుమీద కూడ చోటు దొరకలేదు. సీతావియోగం కావ్యవస్తువైనది. చాకలి చొక్కా గుండీలన్నీ పగులగొట్టి తెచ్చినాడన్న బాధ కావ్యవస్తువు కాలేదు. అయినా ఇల్లు విడిచి పరాయి నేలపై కాపురం పెట్టిన మనిషి దినచర్యను పరిశీలిస్తే, అతని నోట పెద్ద దుఃఖం ఏడాదికి ఒకమారు వినవస్తుంది; సణుగుడు పొద్దు పొడిచినది మొదలు పొద్దు గుంకేవరకు వినవస్తూనే ఉంటుంది. నీళ్లు పడలేదు, బియ్యం ముతక, పాలు పలుచన, పనివాడు రాలేదు, వచ్చినవాడు చెప్పినది వినలేదు, విన్నవాడు చెప్పినదానికి తలకిందులుగా చేసినాడు. ప్రవాసజీవితంలో ముప్పాతికపాలు ఇదే. దీనిని విడిచిపెట్టి ప్రవాసాన్ని గురించి వ్రాసిన గ్రంథం, ఉప్పు లేని పప్పు వంటిది.

ఇంగ్లీషువారు ఈ రహస్యాన్ని కనిపెట్టినారు. మన దేశంలో ఉన్నంతకాలం వారు వ్రాసుకొన్న ఉత్తరాలు, హాస్యవ్యాసాలు, గృహనిర్వాహక గ్రంథాలు, చివరకు నిఘంటువులు సైతం ఈ చిన్న చిన్న బాధలతో నిండి ఉన్నవి. వారి సణుగుడు ఎట్లు పుట్టినది, అది ఎక్కడ నవ్వైనది, ఎక్కడ నవ్వు చెడి మరొకటైనది, అదే ఊరిలో అదే కాలంలో కాపురం పెట్టిన తెలుగువారి సణుగుడు ఏమైనది అన్న ప్రశ్నలను విచారించటం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ విచారణకు ఖరగ్‌పూర్ కంటె తగిన ఊరు దొరకటం కష్టం. అక్కడ దొర కూడ ప్రవాసే, దొర క్రింద సుత్తి పట్టిన తెలుగువాడు కూడ ప్రవాసే.

బెంగాల్–నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. ఆ శతాబ్దం ముగిసేనాటికి దాని పట్టాలు మేదినీపూర్ జిల్లాలోని ఎర్రమట్టి మెరకమీదికి చేరినవి. 1900లో కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిపై వంతెన పూర్తికాగా ఖరగ్‌పూర్ హౌరాతో కలిసినది. 1902లో వాల్తేరునుండి కటకం వరకు ఉన్న తూర్పుతీరపు మార్గం కూడ ఈ కంపెనీ చేతికి వచ్చినది. అనగా విశాఖపట్టణం, గంజాం జిల్లాలలో కరువో అప్పో తరిమినవానికి రైలుపెట్టె ఎక్కితే దిగవలసిన ఊరు ఒకటి ఏర్పడినది. అక్కడ పెద్ద వర్క్‌షాపు వెలసినది. దాని చుట్టూ ఊరు వెలసినది. బెంగాలీలు, తెలుగువారు, ఒరియావారు, బీహారువారు, ఛత్తీస్‌గఢ్‌వారు, పంజాబీలు, ఆంగ్లో–ఇండియన్లు అందరు వచ్చి చేరినారు గనుక దానికి చిన్న భారతదేశమన్న పేరు వచ్చినది. దాని స్టేషను ప్లాట్‌ఫారం 1072 మీటర్లకు పైగా పొడవు కలది. చాలకాలం ప్రపంచంలోనే పొడవైనదన్న ఖ్యాతి దానికి ఉండేది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి ఆ ఖ్యాతిని తీసికొన్నవి. పెట్టె నెత్తిన పెట్టుకొని తన బోగీ ఎక్కడున్నదో తెలియక ఆ కొసనుండి ఈ కొసకు నడిచిన ప్రయాణికునికి ఆ ఖ్యాతి ఎన్నడూ సంతోషం కలిగించి ఉండదు.

రైల్వే కాలనీ పటం గీసినవాడు అంతస్తులను కూడ గీసినాడు. ఉద్యోగాన్నిబట్టి ఇల్లు, ఇంటినిబట్టి వీధి, వీధినిబట్టి చెట్టునీడ. దక్షిణపు వైపున పెద్ద ఆవరణలున్న బంగళాలు. వర్క్‌షాపు కార్మికులకు వరుస క్వార్టర్లు. రడ్యార్డ్ కిప్లింగ్ 1888లో ఈస్ట్ ఇండియన్ రైల్వేవారి జమాల్‌పూర్‌ను చూచి వ్రాసిన వ్యాసాలు ఇటువంటి ఊరికి సరిపోయే చిత్రం: గీటు గీసినట్లున్న వీధులు, కత్తిరించిన తోటలు, క్లబ్బు, చర్చి, అందరికీ అందరి జీతాలు తెలిసిన సంఘం. నేనిక్కడ పేర్కొనే ఆంగ్లగ్రంథాలు ఖరగ్‌పూర్‌లో పుట్టినవి కావు. కాని ఖరగ్‌పూర్ బంగళాలలో సాగిన సంసారాలకు అవి అద్దాలు. ఆ బంగళాల అలమారలలో ఉండదగిన పుస్తకాలు కూడ అవే.

కొత్తగా ఓడ దిగిన ఆంగ్లేయునికి ఆ సంఘంలో ఒక పేరు ఉండేది: గ్రిఫిన్. ఏమీ తెలియనివాడు, అందరిచేత మోసపోయేవాడు, ఎండలో టోపీ మరచేవాడు, మామిడిపండు ఎట్లు తినవలెనో తెలియక చొక్కా పాడుచేసికొనేవాడు. మన పల్లెలలో కొత్త అల్లుని ఆటపట్టించినట్లు పాతకాపులు అతనిని ఆటపట్టించేవారు. ఒక సంవత్సరం గడిస్తే అతడు తానే పాతకాపై తరువాత వచ్చినవానిని చూచి నవ్వేవాడు. సణుగుడులో మొదటి ధర్మం ఇదే. అది సంఘంలో చేరటానికి రుసుము. ఎండను తిట్టటం తెలిసినవాడే ఆ ఊరివాడు.

తరువాత వచ్చేవి భోజనపు కష్టాలు. ప్రయాణంలో డాక్ బంగళాలో దిగినవానికి దొరికేది కోడి ఒక్కటే. అతిథి వచ్చిన అలికిడి విని కాపలాదారు పెరటిలో కోడిని తరుముతాడు. అతిథి చేతులు కడుగుకొనేలోపల అది పళ్లెంలోకి వస్తుంది. ఈ వంటకానికి ఆంగ్లేయులు పెట్టిన ముద్దుపేరు ‘ఆకస్మిక మరణం’. ఇది వట్టి చమత్కారంగా మిగిలిపోలేదు. హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ కూర్చగా 1886లో అచ్చైన ‘హాబ్సన్–జాబ్సన్’ నిఘంటువులో ఒక ఆరోపంగా ఎక్కినది. ఆ నిఘంటువు పేరే ఒక పొరపాటుకు స్మారకం. మొహర్రం ఊరేగింపులో గుండెలు బాదుకొంటూ భక్తులు పలికే హసన్, హుసేన్ నామాలు తెల్లసిపాయిల చెవులలో పడి హాబ్సన్, జాబ్సన్ అనే ఇద్దరు ఆంగ్లేయులుగా మారినవి. తప్పు విన్న చెవిని దాచుకొనక ఆ తప్పునే పుస్తకానికి తలకట్టుగా పెట్టుకొన్నారంటే, అందులో ఒక ఆత్మపరిహాసం ఉన్నదని ఒప్పుకొనవలె.

ఈ నిఘంటువులో మన పాలు కూడ ఉన్నది. గోడౌనులో ధాన్యం తినిపోయే పెద్ద ఎలుకను చూచి ఆంగ్లేయుడు గొల్లుమన్నప్పుడు, పక్కనున్న తెలుగువాడు దాని పేరు చెప్పినాడు: పందికొక్కు. అది బాండికూట్‌గా ఇంగ్లీషులో చేరి, తరువాత ఆస్ట్రేలియా ఖండంలోని వేరొక జంతువుకు కూడ పేరైనది. గోడౌన్ అన్న మాటకు మూలంగా మన గిడ్డంగిని, దాని తమిళ సోదరపదాన్ని యూల్ పేర్కొన్నాడు. భాషకు భాష ఇచ్చే కానుకలు రాజసభలలోనే జరుగుతవని అనుకొంటాము. నిజానికి చాల మాటలు ఎలుక కొట్టిన బస్తా దగ్గర, విరిగిన బండి దగ్గర చేతులు మారినవి. ఏ మాట ఏ బాధలో పుట్టినదో చూస్తే, రెండు జాతులు ఎక్కడ తగులుకొన్నవో తెలుస్తుంది.

భాష రానివారి అవస్థ మరొక పెద్ద అధ్యాయం. దొరసానులు హిందుస్తానీ నేర్చిన తీరును గురించి ఒక హాస్యోక్తి చాలకాలంగా వాడుకలో ఉన్నది. తలుపు మూయమనవలెనంటే ‘దర్వాజా బంద్ కర్’ అనవలె గదా. దానిని గుర్తుంచుకొనటానికి ‘దేర్ వాజ్ ఎ బ్యాంకర్’ అని వేగంగా అంటే చాలునట. ఒక బ్యాంకరు ఉండేవాడు అని దొరసాని కథ ప్రారంభిస్తుంది. పనివాడు వెళ్లి తలుపు మూస్తాడు. ఇద్దరికీ పని జరిగినది. ఇద్దరిలో ఎవరికీ ఎదుటివారి భాష రాలేదు. ప్రవాసజీవితంలో ఇటువంటి సఖ్యాలు ఎన్నో ఉంటవి.

ఇక పనివారిని గురించిన సణుగుడుకు అంతులేదు. నీళ్లు తెచ్చేవాడు ఊడ్వడు. ఊడ్చేవాడు పళ్లెం ముట్టడు. వంటవాడు గుర్రానికి గడ్డి వేయడు. ఒక చిన్న కుటుంబానికి ఇంతమంది ఎందుకని దొరసాని విసుగు. దానికి కారణం సోమరితనం కాదు, కులాలు పంచుకొన్న పని అని తెలిసికొనటానికి ఆమెకు కొంతకాలం పట్టేది. కొందరికి ఎన్నటికీ పట్టలేదు. వంటవాడు బజారులో కొన్న ప్రతి వస్తువుమీద కొంత దస్తూరీ ఉంచుకొనేవాడు. ఉదయం లెక్కల పుస్తకం ముందు పెట్టుకొని అర్ధణా కోసం ఇద్దరు చేసే వాదం ఆ బంగళాలలో నిత్యానుష్ఠానం. మన ఊళ్లలో దీనికి మామూలు అన్న పేరు ఉన్నది గనుక తెలుగు పాఠకునికి ఆ ఘట్టం ఎవరో చెప్పనవసరం లేదు. చాకలి సంగతి సరేసరి. ఎడ్వర్డ్ హామిల్టన్ ఐట్కెన్ తన మొదటి అక్షరాలతో వ్రాసి 1889లో ప్రకటించిన ‘బిహైండ్ ది బంగళా’ అనే చిన్న పుస్తకంలో ఒక్కొక్క పనివానికి ఒక్కొక్క వ్యాసం కేటాయించినాడు. బండమీద బట్టలు చీల్చే చాకలిని ఆయన ఒక మహావీరునివలె వర్ణిస్తాడు. చీరెకు, ధోవతికి ఏర్పడిన పద్ధతిని గుండీలు, గంజిపట్టీలు ఉన్న బట్టకు ప్రయోగిస్తే ఏమవుతుందో అదే అయినది. దోషం బండది కాదు, చాకలిది కాదు.

వర్షాకాలం వచ్చినదంటే బూట్లకు బూజు, పుస్తకాలకు చెదలు, పియానోకు అపస్వరం. చైత్రవైశాఖాలలో వట్టివేళ్ల తడికలు తడిపేవాడు నిద్రపోతే ఇల్లంతా కుంపటి. సాయంకాలం కాలవైశాఖి గాలివాన వచ్చి తడికలతోబాటు భోజనపుబల్లమీది గుడ్డను కూడ ఎగురగొట్టి పోతుంది. ఇవన్నీ ఉత్తరాలలోకి ఎక్కి, ఓడమీద రెండు మూడు వారాలు ప్రయాణం చేసి, ఇంగ్లండులో చలిమంట ముందు కూర్చున్న తల్లికి చేరేవి. చేరేనాటికి వాన వెలసి ఉండేది.

ఇంత చిన్న విషయాలు ఇంత శ్రద్ధతో ఎందుకు వ్రాసినారు? ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించవలె. వ్రాయరాని పెద్ద విషయాలు ఉన్నవి గనుక. రైల్వే కాలనీలకు, కంటోన్మెంట్లకు ఆనుకొని ఉన్న సమాధితోటలలో చిన్న చిన్న గోరీలు ఎన్నో కనిపిస్తవి. బ్రతికిన బిడ్డలకు ఆరేడేండ్లు రాగానే చదువుకై ఇంగ్లండు పంపేవారు. తిరిగి చూచేనాటికి బిడ్డకు తల్లి ముఖం గుర్తుండేది కాదు. బొంబాయిలో 1865లో పుట్టిన కిప్లింగ్‌ను అట్లే 1871లో పంపివేసినారు. ఆ గాయం ఆయన కథలలో జీవితమంతా సలుపుతూ వచ్చినది. తల్లికి ఉత్తరం వ్రాసే కూతురు ఆ సంగతి వ్రాయలేక చెదపురుగుల సంగతి వ్రాసినది. హాస్యమైన సణుగుడు తరచు మూసిన తలుపు. దాని వెనుక ఎవరో ఏడుస్తున్నారు. ఇది గ్రహించని రచయిత చేతిలో సణుగుడు పిట్టకథగా ముగుస్తుంది.

ఈ ప్రక్రియలో ఉత్తమమైన ఉదాహరణ ఒకటి మన గోదావరి గట్టునే పుట్టినది. జూలియా మెయిట్లండ్ అనే ఆమె, తన మొదటి భర్త రాజమహేంద్రవరంలో జిల్లా జడ్జిగా ఉండగా అక్కడ కాపురమున్నది. 1836–39 సంవత్సరాల మధ్య ఆమె ఇంటికి వ్రాసిన ఉత్తరాలు 1843లో ‘లెటర్స్ ఫ్రమ్ మద్రాస్’ అన్న పేరుతో, రచయిత్రి పేరు లేకుండ వెలువడినవి. ఆమె నవలారచయిత్రి ఫానీ బర్నీ వంశంలోనిది. పరిహాసం పుట్టుకతో వచ్చినది. ఎండ, పురుగులు, పనివారు అన్నీ ఆమె ఉత్తరాలలో ఉన్నవి. కాని ఆమె పరిహాసంలో వాడి ముల్లు తన జాతివారి వైపు తిరిగి ఉంటుంది. ఈ దేశప్రజలను గురించి తనకేమీ తెలియదని, తెలియకపోవటమే మేలని గర్వంగా చెప్పిన ఒక దొరసాని మాటను ఆమె ఇంటికి వ్రాసి పంపినది. విమర్శ ఒక్క మాట చేర్చలేదు. చేర్చవలసిన పని లేదు. ఆ దంపతులు రాజమహేంద్రవరంలో ఒక పాఠశాల నెలకొల్పినారు. ఊరును తెలిసికొనే ప్రయత్నం చేసినవారికే ఊరిమీద సణిగే హక్కు రుచిగా అమరుతుందని ఈ పుస్తకం నిరూపిస్తున్నది.

ఇందుకు ఎదురుగా మరొక పుస్తకాన్ని నిలపవలె. ఫ్లోరా ఆనీ స్టీల్, గ్రేస్ గార్డినర్ కలిసి వ్రాసిన ‘ది కంప్లీట్ ఇండియన్ హౌస్‌కీపర్ అండ్ కుక్’ 1888లో మొదట వెలువడి పలుమారులు పునర్ముద్రణ పొందినది. పాలు కాచటం, లెక్కలు వ్రాయటం, ఎండకాలానికి ఇల్లు అమర్చుకొనటం ఇత్యాది విషయాలలో అది నిజంగా ఉపయోగపడే గ్రంథం. హాస్యం కూడ ఉన్నది. కాని పనివారు చిన్నపిల్లల వంటివారని, చెప్పిన పని నేర్వని పెద్దమనిషికి ఆముదం పట్టించితే గుణం కనిపిస్తుందని అందులో సలహా ఉన్నది. చదివేవారు నవ్వవలెనని వ్రాసిన మాటే అది. ఆముదం త్రాగినవాడు నవ్వినాడా? ఈ ఒక్క ప్రశ్నతో హాస్యం ముఖం మారుతుంది. దొర సణుగుడు వెంటనే ఆజ్ఞ కాగలదు. కొలువులేనివాని సణుగుడు గాలిలో కలుస్తుంది, లేదా అర్జీ అవుతుంది.

అర్జీని చూచి కూడ నవ్వినారు. 1909 నాటిదని చెబుతూ ఢిల్లీ రైల్వే మ్యూజియంలో చూపే ఒక బెంగాలీ ప్రయాణికుని లేఖ ప్రసిద్ధమే. పనసపండు అధికంగా తిని, కడుపు ఉబ్బి, స్టేషనులో దిగి మరుగుకు పోయిన మనిషి, గార్డు ఈల వేయగా ఒక చేత చెంబు, ఒక చేత ధోవతి పట్టుకొని పరుగెత్తి, పదిమంది ముందు పడి, రైలు తప్పిపోయినాడు. ఆ లేఖలోని ఇంగ్లీషును చూచి నవ్వినవారు లక్షలు. కాని మూడవ తరగతి పెట్టెలో మరుగుదొడ్డి ఎందుకు లేదన్న ప్రశ్న అందులో ఉన్నది. మొదటి తరగతిలో కూర్చున్న దొరకు పంఖా తిరగలేదన్న సణుగుడు ఉండవచ్చును. ఆ సణుగుడు వ్యాకరణశుద్ధంగా ఉంటుంది గనుక ఎవరూ నవ్వరు. 2007లో వెలువడిన ‘లైన్స్ ఆఫ్ ది నేషన్’ అనే గ్రంథంలో లారా బేర్ అనే మానవశాస్త్రవేత్త ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాలను గురించి విచారిస్తూ, రైల్వే దఫ్తరాలలో మిగిలిన ఇటువంటి అర్జీలను శ్రద్ధతో చదివినది. అర్జీ కూడ ఆత్మకథలో ఒక పుట అని ఆ గ్రంథం చదివినవారికి తోస్తుంది.

ఇప్పుడు అదే ఊరిలో మన వీధులకు వత్తము. నింపురా, మథురాకాఠి వంటి పేటలలో కాపురం పెట్టిన తెలుగువాడు కూడ ఒక గ్రిఫినే. ఆవనూనె వాసనకు అతని కడుపు తిప్పినది. చింతపండు లేని పులుసు ఏమి పులుసని అతని భార్య అడిగినది. గోంగూర విత్తనాలు ఊరినుండి కొంగున ముడివేసికొని వచ్చి క్వార్టరు వెనుక చల్లుకొనేవారికి అది తోటపని కాదు, ఒక విధమైన దేశభక్తి. పండుగకు ఊరికి పోవటానికి పాసు చేతికి వచ్చేనాటికి పండుగ వెళ్లిపోయేది. ఆంగ్లేయుడు ఇంగ్లండుకై ఏ విధంగా సణిగినాడో, శ్రీకాకుళంవాడు శ్రీకాకుళానికై అదే విధంగా సణిగినాడు. దూరం ఎన్ని వేల మైళ్లన్నది సణుగుడుకు లెక్క లేదు.

భాష విషయంలో తెలుగువాని కష్టం ఆంగ్లేయుని కష్టం కంటె సూక్ష్మమైనది. ఆంగ్లేయునికి మాట తెలియదు. మనవానికి మాట తెలిసినట్లే ఉంటుంది. సంస్కృతం ఇద్దరికీ ఇచ్చిన అప్పు రెండు ఇండ్లలో రెండు విధాలుగా ఖర్చైనది. బెంగాలీలో శిక్ష అంటే చదువు, మనకు దండన. బడి గోడమీద ఆ మాట చూచిన తెలుగు పిల్లవాడు లోపలికి పోవటానికి జంకితే తప్పు పట్టలేము. రెండు అర్థాలూ సరిపోయే బడులు అన్ని దేశాలలోను ఉన్నవి. బెంగాలీవారు చేష్ట అంటే ప్రయత్నం. మనవాడు చేష్టలు చేయనని ప్రమాణం చేస్తే పైయధికారి అతనిని పని దొంగగా లెక్కగడతాడు. వారి ఉపన్యాసం నవల. రవీంద్రుడు ఎన్నో ఉపన్యాసాలు వ్రాసినాడని విన్న తెలుగువాడు ఆయన గొంతును తలచుకొని జాలిపడవచ్చును. వారి చరిత్ర నడవడి, వారి రాగం కోపం, వారి అభిమానం ప్రేమగలవారిమీద అలుక. అన్నిటికీ మించి, వడ్డించే బెంగాలీ ఇల్లాలితో మనవాడు ‘చాలు, చాలు’ అన్నాడనుకొందాము. ఆమె చెవికి అది చాల్, అనగా బియ్యం. అన్నం ఎదుట పెట్టుకొని బియ్యం అడిగే అతిథిని చూచి ఆమె ఏమనుకోవలె? ‘హాబ్సన్–జాబ్సన్’ వంటి నిఘంటువొకటి తెలుగు, బెంగాలీల మధ్య కూర్చదగినంత సరుకు ఖరగ్‌పూర్ వంటిళ్లలో ఉన్నది.

అయితే ఈ సరుకు నవ్వుగానే మిగలలేదు. వర్క్‌షాపులో దొర సణుగుడు, కార్మికుని సణుగుడు ఎదురెదురుగా వచ్చినవి. 1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్‌లో పెద్ద సమ్మె జరిగినది. కాలనీలోని యూరోపియన్, ఆంగ్లో–ఇండియన్ ఉద్యోగులు సభ్యులుగా ఉండే సహాయక సైన్యాన్ని సమ్మెకారులపైకి దింపినారు. అదే ఏడు సెప్టెంబరులో ఉద్యోగాల తగ్గింపు కారణంగా మరల రగిలిన పోరాటం డిసెంబరు వరకు సాగినది. ఆ రైల్వే కార్మికుల సంఘానికి నాయకులైనవారిలో బరంపురంలో పుట్టిన తెలుగువాడు వరాహగిరి వెంకటగిరి ఒకరు. ఆయన 1969లో రాష్ట్రపతి అయినాడు. చాకలి గుండీ పగులగొట్టినాడని నిన్న క్లబ్బులో నవ్వించిన మనిషి నేడు తుపాకి పట్టి నిలబడినాడు. అతడు హఠాత్తుగా వేరొకడు కాలేదు. ఎదుటివానికి కూడ ఇల్లున్నది, బాధ ఉన్నది అన్న ఊహ అతని హాస్యంలో లేకపోయినది. ఆ లోపమే తుపాకిలో కనిపించినది. హాస్యరచనలో ఊహాశక్తి ఎందుకు నీతి అవుతుందో ఇంతకంటె చక్కగా చెప్పే ఉదాహరణ నాకు కనిపించదు.

ఈ ఇద్దరి నడుమ నలిగినవారు ఆంగ్లో–ఇండియన్లు. ఖరగ్‌పూర్‌లోనే పుట్టి, అక్కడనే ఇంజను నడిపి, ఎన్నడూ చూడని ఇంగ్లండును ఇల్లని పిలిచినవారు వారిలో ఎందరో. తాత సణుగుడు వారికి ఆస్తిగా వచ్చినది; తాత ఊరు రాలేదు. స్వాతంత్ర్యం తరువాత చాలమంది ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు తరలిపోయినారు. అక్కడ చలిని తిట్టినారు, కారం లేని కూరను తిట్టినారు, అంట్లు తామే తోముకొనవలసివచ్చినందుకు విసుగుకొన్నారు. ఖరగ్‌పూర్ వారికి అప్పుడు ఇల్లైనది. సణుగుడు దిక్కు మార్చుకొన్ననాడే మనిషికి తన ఇల్లు ఎక్కడున్నదో తెలుస్తుంది.

మనకు ఈ ప్రక్రియ కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చెన్నపట్టణంనుండి కాశీకి పోయి, కలకత్తా, జగన్నాథం మీదుగా తిరిగివచ్చి, దారిపొడుగున బాటలు, రేవులు, అంగళ్లు, దొరికే సరుకులు, దొరకని సరుకులు వ్రాసిపెట్టినాడు; అది 1838లో అచ్చైనది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిస్టర్ పార్వతీశం మొగలితుర్రునుండి సీమకు బయలుదేరి, చెన్నపట్టణంలో ఆడవారి టోపీ కొని పెట్టుకొన్నాడు. స్వయంగా ఎడిన్‌బరోలో చదువుకొన్న శాస్త్రిగారు తెలుగువానిని గ్రిఫిన్‌గా నిలిపి, ఆంగ్లేయులు మనమీద నవ్విన నవ్వును మన చేతికి తెచ్చి ఇచ్చినారు. పార్వతీశం ఎవరిని ఆజ్ఞాపించగలడు? అతని పొరపాటుకు అతడే శిక్ష అనుభవిస్తాడు. అందువల్ల ఆ నవ్వులో విషం లేదు.

కాని పార్వతీశం వలె ఇంటింటా తెలిసిన గ్రంథం ఖరగ్‌పూర్ తెలుగువానికి కలుగలేదు. లండను పోయినవాడు కథానాయకుడైనాడు. ఖరగ్‌పూర్ పోయినవాడు మనియార్డరు ఫారంమీద సంతకంగా మిగిలినాడు. రంగూను, జంషెడ్‌పూర్, భిలాయి పోయినవారి సంగతి కూడ చాలవరకు ఇంతే. చదువుకొన్నవాని అవస్థ హాస్యమనీ, కూలివాని అవస్థ సమస్య అనీ మనం విభజించుకొన్నట్లున్నది. కూలివానిని గురించి వ్రాసినప్పుడు కన్నీరు పెట్టించినాము. అతడు తన అవస్థను చూచి తాను నవ్వుకొన్న నవ్వును వ్రాయటం మరచినాము. నవ్వు తీసివేసిన మనిషి చిత్రం సగం చిత్రమే.

ఆ సరుకు సేకరించదలచిన రచయితకు పై గ్రంథాలనుండి మూడు పరీక్షలు దొరుకుతవి. సణిగేవాడు తనను కూడ ఆ నవ్వులో చేర్చుకొన్నాడా అన్నది మొదటిది. ‘హాబ్సన్–జాబ్సన్’ పేరు ఈ పరీక్షలో నెగ్గుతుంది. ఎదుటివాడు అట్లు చేయటానికి కారణమేమో తెలిసికొన్నాడా అన్నది రెండవది. మెయిట్లండ్ నెగ్గుతుంది, ఆముదం సీసా ఓడిపోతుంది. వస్తువును దాని పేరుతో పిలిచినాడా అన్నది మూడవది. ‘ప్రవాసజీవితంలో ఎన్నో ఇబ్బందులు’ అని వ్రాస్తే ఎవరికీ ఏమీ కనిపించదు. ఆవనూనెలో వేగిన చేప వాసన ప్రక్క క్వార్టరునుండి వస్తుండగా కిటికీ మూసికొని పెసరట్టు పోసికొన్న ఇల్లాలు కనిపిస్తుంది. పది సంవత్సరాల తరువాత అదే ఇల్లాలు అదే నూనెను ఆవకాయకు బాగుందని మెచ్చుకొన్నదంటే, ఆ రెండు వాక్యాల నడుమ ఒక వలసచరిత్ర ఉన్నది.

బెంగాల్–నాగపూర్ రైల్వే 1944లో ప్రభుత్వపరమైనది. 1955నుండి దక్షిణ–తూర్పు రైల్వే అన్న పేరుతో నడుస్తున్నది. హిజ్లీలో 1931లో ఖైదీలపై తుపాకులు పేలిన నిర్బంధశిబిరపు భవనంలోనే 1951లో సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. కంపెనీ కాలాన్ని తాతల నోట విన్నవారు కూడ ఇప్పుడు వృద్ధులు. వారి పిల్లల బడిభాష ఒకటి, బజారుభాష ఒకటి. తెలుగు వంటింటిలో ఉన్నది. దఫ్తరంలోని అర్జీలను చరిత్రకారులు చదువుతారు. వంటింటి సణుగుడుకు దఫ్తరం లేదు. అది చెప్పేవారు ఉన్నంతకాలమే ఉంటుంది. ఆ గడపలో కూర్చుండి, వారు ఊరిని తిట్టేటప్పుడు ఓపికతో విని, తిట్టిన మాటను తిట్టినట్లే వ్రాసికొనేవారు కావలె.